ఒంటి ఇంజన్‌తో సముద్రం మీద

నేను ఏం పని చేస్తానని మా ఊరు ఎల్లారెడ్డిలో ఎవరైనా అడిగితే మా అమ్మ చెప్పే జవాబు ఒకటే: "ఇమానాలు ఒక తాన్నుంచి ఇంకో తాన్కి అప్పజెప్పొస్తది." ఇన్నేళ్లలో నేనూ ఇంతకంటే బాగా ఎవరికీ చెప్పలేకపోయాను.

మా అమ్మ చెప్పే విమానాలు మనుషులు టిక్కెట్టు కొని ఎక్కేవి కావు. నాలుగు సీట్లవి, ముందు ఒకటే ఇంజన్ ఉండేవి. పైలట్ కావాలనుకునే పిల్లలు వాటి మీదే నేర్చుకుంటారు. అవి తయారయ్యేది ఒక ఖండంలో, కొనుక్కున్న శిక్షణ బడి ఉండేది ఇంకో ఖండంలో. రెక్కలు విప్పి పెట్టెల్లో సర్ది ఓడలో పంపొచ్చు. కానీ మళ్లీ బిగించి, తనిఖీలన్నీ చేయించి, ఎగరడానికి అనుమతి తెచ్చుకునేసరికి నెలలు గడుస్తాయి. అందుకని ఎవరో ఒకరు దాన్ని నడుపుకుంటూ పోయి ఇచ్చి రావాలి. మధ్యలో సముద్రం ఉంటే సముద్రం మీదుగానే.

ఆ విమానాన్ని సముద్రం దాటడానికి ఎవరూ తయారు చేయలేదు. రెక్కల్లో పట్టే పెట్రోలు అయిదారు గంటలకు మించి రాదు. అందుకే వెనక సీట్లు పీకేసి అక్కడ ఒక పెద్ద ట్యాంకు పెడతారు. దాంతో అది మోయాల్సినదానికంటే ఎక్కువ బరువుతో లేస్తుంది. రెక్కల మీద మంచు పేరుకుంటే కరిగించే సాధనం ఉండదు. ఇంజన్ ఒకటే కాబట్టి, అది ఆగిందంటే ఇక నీళ్లలోకే. ఉత్తరాన ఆ నీళ్లు ఎంత చల్లగా ఉంటాయంటే మామూలు బట్టలతో పడ్డవాడికి కొద్ది నిమిషాల్లోనే చేతివేళ్లు పనిచేయడం మానేస్తాయి.

పదేళ్లపాటు నేను ఒక ఫ్లయింగ్ క్లబ్బులో పాఠాలు చెప్పాను. ఒకరోజు మా క్లబ్బుకు కొత్త విమానం వచ్చింది. తెచ్చినాయనకు అరవై దాటాయి, హైదరాబాద్ వాడు. అందరూ సాబ్ అంటుంటే నేనూ అలాగే పిలిచాను. ఆయన కిందికి దిగి, నడుం మీద రెండు చేతులు పెట్టుకుని అటూ ఇటూ నాలుగడుగులు వేసి, చాయ్ అడిగాడు. ఎక్కడినుంచి ఎక్కడెక్కడ ఆగుతూ వచ్చాడో చాయ్ తాగుతూ చెప్పాడు. గ్లాసు కింద పెట్టకముందే అడిగేశాను.

"సాబ్, నాకు ఈ పని నేర్పుతరా?"

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూడలేదు, ఎన్ని గంటలు ఎగిరానో అడగలేదు. "ఈత వస్తదా బేటా?" అన్నాడు.

"రాదు."

"నేర్చుకొని ఫోన్ చెయ్యి."

నాకు ఈత రాకపోవడానికి ఒక కారణముంది. నాగిరెడ్డిపేటలో మా మేనమామకు పోచారం కాలువ కింద పొలం ఉంది. ఏడేళ్లప్పుడు ఆ పొలం బావిలో కాలు జారి పడ్డాను. నన్ను జుట్టు పట్టి పైకి గుంజింది మామే. ఆ తర్వాత ఇరవై తొమ్మిదేళ్లు నేను మోకాలి లోతు దాటి నీళ్లలోకి దిగలేదు. అలాంటిది ఒక నెల సెలవు పెట్టి ఆ బావి దగ్గరికే పోయాను. కబురు విని మామ పొట్టచెక్కలయ్యేలా నవ్వాడు.

"గప్పుడు జుట్టు వట్టి గుంజిన కోడలా. గిప్పుడు గుంజుతె నా నడుం వోతది."

"గుంజొద్దు మామా. నేర్పు చాలు."

వీపుకు రెండు ఖాళీ నూనె డబ్బాలు కట్టి నన్ను బావిలోకి దింపాడు. మొదటి మూడు రోజులూ మెట్టు వదల్లేదు. నాలుగోరోజు మామ వచ్చి మెట్టు మీద నా వేళ్లను ఒక్కొక్కటే విడదీశాడు. పది రోజులకు ఒక డబ్బా తీసేశాడు, పద్నాలుగో రోజుకు రెండోది. ఇరవయ్యో రోజున ఈ గోడ నుంచి ఆ గోడకు ముప్పై సార్లు తిరిగి, సాబ్‌కు ఫోన్ చేశాను.

"బాగుంది. ఇప్పుడు తలకిందులుగ నేర్చుకో," అన్నాడాయన.

విమానం నీళ్ల మీద దిగితే కింద ఉండే చక్రాలు నీళ్లకు తగిలి చాలాసార్లు అది బోర్లా పడుతుందట. అప్పుడు నీళ్లలో, చీకట్లో, తలకిందులుగా బెల్టుకు వేలాడుతూ ఉంటాం. ఏది పైనో ఏది కిందో తెలియదు. ముందే బెల్టు విప్పినవాడు లోపలే తేలిపోయి తలుపు ఎక్కడుందో మరిచిపోతాడు. అందుకే ఒక చెయ్యి తలుపు పిడి మీద వేసి, అది వదలకుండా రెండో చేత్తో బెల్టు విప్పాలి.

ఇదంతా మామకు చెప్పాను. మరుసటిరోజు ఆయన కామారెడ్డి పోయి, పాత ఇనుప సామాన్ల దుకాణంలో ఒక జీపు సీటు వెతికి, బెల్టుతో సహా ఆటోలో వేసుకొచ్చాడు. దానికి పక్కన ఒక ఇనుప చువ్వ బిగించాడు, అదే తలుపు పిడి. బావి చివరి మెట్టు మీద ఛాతీ లోతు నీళ్లలో సీటు పెట్టి, నన్ను కూచోబెట్టి బెల్టు వేసి, ఒక్కసారిగా వెనక్కి తిప్పేశాడు.

ముక్కులోకి, గొంతులోకి నీళ్లు పోయాయి. చువ్వ వదిలేసి రెండు చేతులతో బెల్టు పీకుతున్నాను. మామే సీటుతో సహా నన్ను పైకి లేపాడు. మెట్ల మీద పడి దగ్గుతుంటే ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు.

"బస్, ఇగ చాలు. గీ నౌకరి నీకు వద్దు బిడ్డా."

"ఇంకోపారి తిప్పు మామా."

"చెప్తే ఇనవా?"

"ఇంకొక్కపారి."

ఆ రోజు ఆరుసార్లు తిప్పాడు. ఆరోసారి చువ్వ వదలకుండా బయటికొచ్చాను. మిగిలిన వారమంతా కళ్లకు గుడ్డ కట్టుకుని చేశాను. తర్వాత సరైన శిక్షణా తీసుకున్నాను, మంచి ఈతకొలనులో, పెద్ద పరికరం లోపల కూచోబెట్టి తిప్పారు. వాళ్లు తిప్పింది మామ తిప్పినంత మొరటుగా లేదు.

సాబ్ తనతో రెండుసార్లు నన్ను తీసుకెళ్లాడు. పక్కసీట్లో కూచుని చూడ్డం, అడిగినప్పుడు నడపడం నా పని. ఆయన ఉపదేశాలు ఇచ్చే మనిషి కాదు. వెనక ట్యాంకును మొదటి గంటలోనే ఒకసారి వాడి చూసేవాడు. గాలి మారిందేమో ప్రతి అరగంటకూ లెక్క వేసేవాడు. వాతావరణం బాగులేకపోతే హోటల్ గదిలో నాలుగు రోజులైనా పేకాట ఆడుతూ కూచునేవాడు. ఇదంతా చూసి నేర్చుకోవాల్సిందే. రెండో ప్రయాణం అయ్యాక తన పాత సూటు ఒకటి నాకిచ్చాడు. అది పాదాల నుంచి మెడదాకా ఒంటిని మూసేసే ఎర్ర రబ్బరు సూటు. అది తొడుక్కుంటే ఆ చల్లటి నీళ్లలో నిమిషాలు కాస్తా గంటలవుతాయి, ఎవరైనా వచ్చి తీసేదాకా బతికే అవకాశం ఉంటుంది. "ఎక్కడో నీళ్లు లోపలికొస్తున్నయి. చూయించుకో," అన్నాడు. ఆ తర్వాతి విమానం నేను ఒక్కదాన్నే తీసుకుపోవాలని సాబ్‌కు ఈ పని ఇచ్చే కంపెనీ చెప్పింది. కెనడా నుంచి గ్రీన్‌లాండ్, అక్కడినుంచి ఐస్‌లాండ్, అక్కడినుంచి స్కాట్లాండ్.

బయల్దేరడానికి ఇంకా రెండు వారాల గడువుంది. సూటు సంచిలో పెట్టుకుని ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డికి బస్సెక్కాను. స్టేషన్ రోడ్డులో ఒక పంక్చర్ దుకాణం ఉంది. దుకాణం ఆయన సూటును రెండు చేతులతో ఎత్తి పట్టుకుని ఎగాదిగా చూశాడు.

"ఇదేందమ్మా, మనిషి ట్యూబా?"

"అట్లనే అనుకో భాయ్. యాడ లీకుందో చెప్పు."

ఆయనకు వెంటనే ఉపాయం తట్టింది. మెడ దగ్గర ఒక గుండ్రటి డబ్బా, చేతుల దగ్గర రెండు సీసాలు దూర్చి రబ్బరు పట్టీలతో బిగించాడు. ఒక సీసా అడుగు కోసి అందులోంచి గాలి కొట్టాడు. తల లేని ఎర్రటి మనిషి దుకాణం ముందు ఉబ్బి పడుకుంటే దారినపోయేవాళ్లు ఆగి చూశారు. సబ్బునీళ్లు రాస్తూ పోతే ఎడమ చీలమండ దగ్గర సన్నగా బుడగలు లేచాయి.

అప్పుడే నా ఫోన్ మోగింది. కంపెనీ ఆఫీసు నుంచి. సాబ్ కాలిఫోర్నియా నుంచి హవాయికి ఒక విమానం తీసుకుపోతున్నాడని నాకు తెలుసు. సగం దారి దాటాక ఇంజన్‌లో నూనె ప్రెషర్ పడిపోతోందని రేడియోలో చెప్పాడట. ఆ తర్వాత మాట లేదు. చేరాల్సిన సమయం గడిచి పదిగంటలైంది. వెతుకుతున్నారు.

నేను టైర్ల దొంతర మీద కూచుండిపోయాను. పంక్చర్ భాయ్ చేతిలో బ్రష్ ఆపి చూశాడు.

"ఏమైంది మేడం?"

"ఈ సూటు ఇచ్చినాయన... వాపస్ రాలే."

ఆయన చీలమండ దగ్గర ఆరనిచ్చి, గరుకు కాగితంతో రుద్ది, వేయాల్సినదానికంటే పెద్ద ముక్క కోసి అంటించాడు. మళ్లీ గాలి కొట్టి, మళ్లీ సబ్బునీళ్లు రాసి, ఒక్క బుడగ కూడా లేదని నాకు వేలు పెట్టి చూపించాకే మడిచిచ్చాడు.

ఇంటికొచ్చేసరికి అమ్మ అంగన్‌వాడీలో పని ముగించుకొచ్చి వాకిట్లో మక్కకంకులు ఒలుస్తోంది. మేం అమ్మను అవ్వ అనే పిలుస్తాం.

"సాబ్ కనిపిస్తలేడు అవ్వా."

"కనిపిస్తలేడంటే?"

"సముద్రంల. ఇంజన్ ఖరాబైతున్నదని చెప్పిండట. గంతే."

ఆమె చేతిలో కంకి అలాగే ఉండిపోయింది. "పెండ్లామున్నదా?"

"ఉన్నది."

"ఫోన్ చేసినవా?"

"లే."

"ముందు చెయ్యి. కూసోని ఏడుద్దువు గని."

చేశాను. ఆమె గొంతు మామూలుగానే ఉంది. వెతుకుతున్నారనీ, వాన లేదనీ, అలలు తక్కువనీ తనే నాకు చెప్పింది. ఫోన్ పెట్టేముందు, "నువ్వు పోవాలనుకుంటున్న ప్రయాణం గురించి నన్నేం అడగొద్దు. పొమ్మనీ చెప్పలేను, పోవద్దనీ చెప్పలేను," అంది.

మూడోరోజు వెతకడం ఆపేశారు. విమానం ముక్క గానీ, నీళ్లలో పడితే ఎక్కడానికి వెంట తీసుకుపోయే రబ్బరు తెప్ప గానీ ఏమీ దొరకలేదు. సాయంత్రం కంపెనీ ఆఫీసు మళ్లీ ఫోన్ చేసింది. నేను వెళ్లేదీ లేనిదీ చెబితే దాన్నిబట్టి చూసుకుంటామన్నారు. ఒకరోజు ఆగమన్నాను.

ఆ ఒకరోజులో అమ్మ నన్ను పోవద్దనలేదు. అన్నం తిన్నాక కంచం పక్కకు జరిపి, "నడుమ సముద్రంల ఏదన్న ఖరాబైతె ఏం జేస్తవ్?" అని మాత్రం అడిగింది.

"ఎంత దూరం పోయినన్నదాన్ని బట్టి ఉంటది. మనూరి నుంచి కామారెడ్డికి పోయే బస్సు అనుకో. కొంచెం దూరం పోయినంక చెడిపోతె మనూరికే మర్రొస్తం. కామారెడ్డి దగ్గర్లకు పోయినంక చెడిపోతె కామారెడ్డికే పోతం. నడుమల ఒక జాగ ఉంటది. ఆ జాగ దాటినంక ఇగ వాపస్ రానీకి పెట్రోలు సరిపోదు."

"అంటె ఆ జాగకు రాకముందే తేల్చుకోవాలె."

"అవ్."

"తేల్చుకుంటవా నువ్వు?" అమ్మ నా మొహంలోకి చూసింది. "చిన్నప్పటి సంది జూస్తున్న. మొదలువెట్టింది నడుమల ఇడువవు. బుక్కెడు మిగిలినా కంచం ఇడువవు. నాకు నీళ్లంటె భయం లేదు బిడ్డా. నీ మొండితనమంటెనే భయం."

ఆ రాత్రి చాలాసేపు ఆ మాటే తిప్పితిప్పి చూసుకున్నాను. పొద్దున్నే కంపెనీకి ఫోన్ చేసి వస్తున్నానని చెప్పాను.

కెనడా తూర్పు కొసన ఉన్న ఆ విమానాశ్రయంలో నాలుగు రోజులు ఆగాను. విమానం చూసే మెకానిక్ పెద్ద గడ్డం మనిషి, పెద్దగా మాట్లాడడు. వెనక ట్యాంకు, దాని గొట్టాలు, వాల్వు అన్నీ ఇద్దరం కలిసి చూశాం. అయిదోరోజు పొద్దున్నే గ్రీన్‌లాండ్‌లో వాతావరణం బాగుందన్నారు, మధ్యాహ్నం దాటాక మబ్బు కిందికి దిగొచ్చని కూడా చెప్పారు. ఎర్ర సూటులో నడుందాకా దూరి, చేతులు మాత్రం బయట పెట్టుకుని, పక్కసీట్లో తెప్పను పెట్టుకుని లేచాను. విమానం నిండు చూలాలిలా నెమ్మదిగా పైకి పోయింది.

మొదటి గంటలో వెనక ట్యాంకు వాడి చూశాను. బాగానే అందింది. మళ్లీ రెక్కల్లోని పెట్రోలుకు మార్చాను. తీరం వెనకబడింది. కింద బూడిదరంగు నీళ్లు, అక్కడక్కడ మంచుగడ్డలు. కాసేపటికి పలచటి మబ్బులోకి పోయాను. ముందరి అద్దం అంచున తెల్లటి పొర మొదలైంది, తర్వాత రెక్కల అంచుల మీద. వేగం కొద్దికొద్దిగా తగ్గుతోంది. కిందికి దిగడానికి అనుమతి అడిగి దిగాను. వెచ్చటి గాలి తగలగానే మంచు పెళ్లలుగా ఊడిపోయింది. హమ్మయ్య అనుకున్నాను.

బయల్దేరిన రెండుగంటల ఇరవై నిమిషాలకు వెనక ట్యాంకుకు మార్చాను. అరనిమిషం బాగానే ఉంది. తర్వాత ఇంజన్ దగ్గింది.

ఆ చప్పుడు నేను శిక్షణలో వందసార్లు విన్నాను, నేనే కావాలని చేయించాను కూడా. కింద నీళ్లుండగా వినడం వేరు. చెయ్యి నా కంటే ముందే వాల్వు మీదికి పోయి వెనక్కి తిప్పేసింది. ఇంజన్ రెండుసార్లు గునిసి మళ్లీ అందుకుంది. కొంతసేపు ఆగి ఇంకోసారి ప్రయత్నించాను. మళ్లీ అదే దగ్గు. వెనక ట్యాంకు నిండా పెట్రోలుంది, కానీ ఒక్క చుక్క ముందుకు రావడంలేదు.

మోకాలి మీది కాగితంపై లెక్క వేశాను. వెనక నుంచి గాలి నెడుతోంది కాబట్టి గ్రీన్‌లాండ్ ఇంకా మూడు గంటల పైచిల్లర. వెనక్కి తిరిగితే అదే గాలి ఎదురవుతుంది, అదీ మూడు గంటల పైచిల్లరే. రెక్కల్లో ఉన్నది నాలుగు గంటలకు సరిపోతుంది. అంటే ఎటు పోయినా చేరతాను. సరిగ్గా ఆ మధ్య జాగలో ఉన్నాను.

నిజం చెప్పాలి. ముందుకే పోవాలనిపించింది. ఇంత దూరం వచ్చాను, సాబ్ పోయాక నా మొదటి ప్రయాణం, తిరిగొస్తే ఆఫీసులో ఏమనుకుంటారో! కానీ గ్రీన్‌లాండ్‌లో దిగాల్సిన చోటు కొండల మధ్య సన్నటి సముద్రపు పాయ చివర ఉంది. నేను చేరేలోగా మబ్బు దిగితే పక్కన ఇంకో విమానాశ్రయం లేదు, వెతుక్కోవడానికి పెట్రోలూ ఉండదు. వెనక మాత్రం బల్లపరుపు నేల, పొడవైన రన్‌వే, ఎండ. కాగితం మీద చూస్తే ఇది ఆలోచించాల్సిన విషయమే కాదు. అయినా నేను రెండు నిమిషాలు ఆలోచించాను. ఆ రెండు నిమిషాలకు నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"మర్లుతున్న," అని నాకు నేనే పైకి చెప్పి విమానాన్ని తిప్పాను.

అంత కిందనుంచి నా రేడియో నేల మీది కంట్రోల్ కేంద్రానికి అందలేదు. చాలా ఎత్తులో ఒక పెద్ద విమానం పోతోంది, ఆ పైలట్ నా మాట విని కేంద్రానికి చేరవేశాడు. తన దారి వేరైపోయేముందు, "ఒక్కరేనా?" అని అడిగాడు. ఒక్కదాన్నే అన్నాను. "మీరు దిగేదాకా కబురు కనుక్కుంటూ ఉంటాను," అన్నాడు. ఆయన ఎవరో, కనుక్కున్నాడో లేదో తెలియదు. ఆ మాట మాత్రం చాలాసేపు నాతో కూచుంది.

సూటు చేతులు తొడుక్కుని మెడదాకా జిప్పు లాక్కున్నాను. ఆ మూడు గంటల్లో ఇంజన్ ఎన్నిసార్లు ఆగిపోయినట్టు వినిపించిందో! చెవులు అబద్ధాలు చెబుతున్నాయి, ఇంజన్ కొలతలు చూపే గడియారాల ముళ్లు మాత్రం కదలడంలేదు. నేను ముళ్లనే నమ్మాను. పదిహేను నిమిషాలకోసారి లెక్క, మధ్యలో ఎడమచెయ్యి తలుపు పిడి మీద, కుడిచెయ్యి బెల్టు మీద పెట్టి చూసుకోవడం. ఎదురుగాలి అనుకున్నదానికంటే ఎక్కువే ఉంది. నలభై నిమిషాల మిగులు ముప్పైకి, ముప్పై ఇరవై అయిదుకు వచ్చింది. తీరం సన్నటి గీతలా కనిపించినప్పుడు కూడా సంతోషం కలగలేదు. చక్రాలు నేలకు తగిలాకే ఊపిరి పూర్తిగా వదిలాను.

గడ్డం మెకానిక్ చెయ్యందించి నన్ను దింపి, నేలమీద పడుకుని విమానం పొట్ట కింద చూశాడు. వెనక ట్యాంకులోకి గాలి పోవడానికి ఒక సన్నటి గొట్టం బయటికి పెట్టి ఉంటుంది. దాని మూతి గాలికి ఎదురుగా ఉంది, కొస నుంచి ఇంకా నీటిచుక్కలు కారుతున్నాయి. మబ్బులో తడి అందులో చేరి మంచై మూసుకుపోయింది; రెక్కల మీది మంచు ఊడినా గొట్టం లోపలిది ఉండిపోయింది. గాలి పోకపోతే పెట్రోలు బయటికి రాదు. బయల్దేరేముందు ఆ మూతిని ఇద్దరం చూశాం, ఇద్దరికీ తట్టలేదు. ఆ మాట ఆయనే ముందన్నాడు.

అమ్మకు ఫోన్ చేశాను.

"వాపస్ వచ్చిన అవ్వా."

"యాడికి?"

"బయలెల్లిన కాడికే. నడుమల ఖరాబైంది."

"మంచిగ జేసినవ్. తిన్నవా ఏమన్న?" అంది. అప్పుడు ఏడ్చాను.

మరునాడు ఆఫీసు నుంచి ఫోన్. ఇంజన్ బాగానే ఉంది కదా, రేపే బయల్దేరతారా అని.

"గొట్టం మార్చాక, గ్రీన్‌లాండ్ ఆకాశం తెరుచుకున్నాక," అన్నాను.

"అది ఎప్పుడు?"

"తెలియదు."

"అవతల బడి వాళ్లు తొందర పెడుతున్నారు. కావాలంటే ఇంకో పైలట్‌ను పంపుతాం."

"పంపండి. గొట్టం మార్చకుండా మాత్రం ఎవర్నీ ఎక్కనివ్వను. ఎక్కొద్దని నేనే ఫోన్ చేసి చెబుతాను."

ఎవరూ రాలేదు. మెకానిక్ గొట్టం మూతిని ఏటవాలుగా కోసి వెనక్కి తిప్పాడు. అది మూసుకుపోయినా గాలి అందేలా ఇంకో గొట్టం లోపలివైపు పెట్టాడు. ఏడోరోజు ఆకాశం విప్పుకుంది.

రెండోసారి పోతుంటే ఆ మధ్య జాగ రాకముందే వెనక ట్యాంకుకు మార్చి, వాల్వు మీద చెయ్యి తీయకుండా ఒకటి నుంచి లెక్కపెట్టాను. నూరు, రెండు నూర్లు, అయిదు నూర్లు. ఇంజన్ చప్పుడు మారలేదు. లెక్కపెట్టడం ఆపి, ఇక ముందుకే అని కాగితం మీద రాసుకుని ఆ జాగ దాటాను. మధ్యాహ్నానికి తెల్లటి కొండలు నీళ్లలోంచి లేచి కనిపించాయి. కొండల మధ్య పాయలోకి దూరి, మలుపులు తిరుగుతూ పోయి, నీళ్ల అంచునుంచి ఎగువకు వాలుగా ఉన్న రన్‌వే మీద దిగాను. అక్కడ రెండు రోజులు, ఐస్‌లాండ్‌లో మూడు రోజులు వాతావరణం కోసం ఆగాను. స్కాట్లాండ్‌లో చిన్నపాటి వానలో తాళంచెవి అప్పజెప్పి సంతకం తీసుకున్నాను. అక్కడి బడి వాళ్లు ఆలస్యమెందుకైందని ఒక్కమాట అడగలేదు. ఒక పిల్ల వచ్చి సీట్లో కూచుని అప్పుడే మీటలన్నీ తిప్పి చూడటం మొదలుపెట్టింది.

తిరిగొచ్చాక హైదరాబాద్‌లో సాబ్ భార్యను చూడ్డానికి పోయాను. ఆమె నాతో చాలాసేపు వేరే సంగతులే మాట్లాడింది. తర్వాత అడిగింది: "చివరి గంటలో ఆయన ఏం చేస్తుంటాడు? నీకు తెలుస్తది కదా. దాచకుండ చెప్పు."

దాచలేదు. నాకు జరిగింది మొత్తం చెప్పాను. ఇంజన్ దగ్గాక భయపడటానికి తీరిక ఉండదనీ, లెక్కలు, రేడియో, గడియారాలు, తెప్ప తాడు చేతికందేలా పెట్టుకోవడం, చెయ్యి తలుపు మీద, ఇలా పని తర్వాత పని ఉంటుందనీ, ఆయన అవన్నీ ఒకదాని తర్వాత ఒకటి చేస్తూనే ఉండి ఉంటాడనీ చెప్పాను.

ఆమె చీర కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని పెట్టుకుంది.

"అయితే ఖాళీగ కూసోని లేడు," అంది. "నాకు అదే భయముండె."

ఆ తర్వాత ఈ పనిలో నేను తొమ్మిదిసార్లు సముద్రం దాటాను. ఇంకో రెండుసార్లు సగం నుంచి తిరిగొచ్చాను. ఈ రెండుసార్లూ ఆలోచించడానికి రెండు నిమిషాలు పట్టలేదు. మొన్న ఎల్లారెడ్డిలో ఉండగా ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. కాలిఫోర్నియా నుంచి హవాయికి ఒక విమానం ఉంది, ఆ దారిలో పోతారా అని. ఆ దారిలో నేనెప్పుడూ పోలేదు. వాకిట్లో అమ్మ తలెత్తి చూసింది.

ఇంజన్ నూనె గొట్టాలు ఎప్పుడు మార్చారో కనుక్కుని చెప్పమన్నాను. కాగితాలు, ఫోటోలు ముందు పంపమన్నాను. చూశాక చెబుతానన్నాను.